ఊరి మంచినీళ్ళ పరీక్షకు ఏది కొనాలి: టీడీఎస్ మీటరా, కిట్టా, నల్లబడే సీసానా, ల్యాబుకు పంపడమా?

ముందే చెప్పేస్తున్నాను, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల) మీటరుతో మొదలుపెట్టకండి. మా విశాఖ దగ్గర పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు పల్లెల్లో ఎవరు "మా ఊరి నీళ్ళు మేమే చూసుకుంటాం" అని ముందుకొచ్చినా, అప్పటికే వాళ్ళ చేతిలో పెన్ను లాంటి ఆ మీటరు ఒకటి ఉంటోంది. కొన్ని వందల రూపాయలకే వస్తుంది, ముంచగానే అంకె చూపిస్తుంది, అంతా అర్థమైపోయినట్టు అనిపిస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు గానీ, ఈ నీళ్ళు తాగితే పిల్లలకు జబ్బు చేస్తుందా అని మనం అడుగుతుంటే అది ఇంకేదో చెబుతుంది.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో మా వీధిలో పదకొండు ఇళ్ళలో వరసగా వాంతులు, విరేచనాలు. మా పిన్ని కూతురు రెండు రోజులు సెలైన్ మీద ఉంది. నీళ్ళ మీద అనుమానం వచ్చి గొడవ చేస్తే, చూడడానికి వచ్చినాయన కుళాయి కింద గ్లాసు పెట్టి, మీటరు ముంచి, "240 ఉందమ్మా, మీ నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు. హమ్మయ్య అనుకుని అందరం మళ్ళీ అవే నీళ్ళు తాగాం. తర్వాత తవ్వి చూస్తే వీధి మలుపులో పైపు జాయింటు పగిలి ఉంది, ఆ జాయింటు సరిగ్గా మురుక్కాలువలో మునిగి ఉంది. నీళ్ళు వదిలినంతసేపూ ఒత్తిడికి మంచినీళ్ళు బయటికి కారేవి, వదలడం ఆపేశాక పైపు ఖాళీ అయి అదే పగులులోంచి కాలువ నీళ్ళను లోపలికి లాక్కునేది, మర్నాడు పొద్దున్నే మొదటి బిందె పట్టుకున్న ఇళ్ళకు ఆ నీళ్ళు వెళ్ళేవి. మురుగు కొద్దిగా కలిసినంత మాత్రాన టీడీఎస్ అంకె పెద్దగా కదలదు. నీళ్ళలో కరిగిన లవణాల వల్ల కరెంటు ఎంత పారుతుందో చూసి ఆ మీటరు లెక్క కడుతుంది, క్రిముల సంగతి దానికి తెలిసే దారే లేదు.

అందుకని ముందు మీ ఊరికి ఏ భయం ఉందో తేల్చుకోండి, డబ్బు సంగతి ఆ తర్వాత. మలం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే అతిసారం, కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు లాంటివి రోజుల్లో, వారాల్లో మనుషుల్ని మంచాన పడేస్తాయి. ఫ్లోరైడు, లోహాలు లాంటివి ఏళ్ళ తరబడి తాగితే ఒళ్ళు గుల్ల చేస్తాయి, నైట్రేటు ఎక్కువైతే పోతపాలు తాగే పసిబిడ్డలకు మాత్రం ముప్పు త్వరగానే వస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ఎలా చుట్టేసిందో చూశాం, అది మనకు ఎంతో దూరం కాదు. నా మటుకు నేను మొదటి రూపాయి క్రిముల మీదే పెడతాను.

పైసా ఖర్చు లేని పరీక్ష

ఏ వస్తువూ కొనకముందే నలుగురు కలిసి ఒక ఆదివారం పొద్దున్న నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో అక్కడి నుంచి ఆఖరి కుళాయి దాకా నడవండి. బోరింగు చుట్టూ చప్టా పగిలిందా, పక్కన నీళ్ళు నిలుస్తున్నాయా, పది మీటర్ల లోపు మరుగుదొడ్డి గుంట ఉందా, ట్యాంకు మూత ఉందా, లోపల చివరిసారి ఎప్పుడు కడిగారు, పైపు ఎక్కడెక్కడ కాలువ దాటుతోంది, కుళాయి లేక గొయ్యి తీసి పైపు నోటి దగ్గరే బిందె పెడుతున్నవాళ్ళు ఎవరు. ఇవి కాగితం మీద అవును, కాదు అని రాసుకుంటే చాలు. మా వీధి జాయింటు ఇలా నడిచినప్పుడే దొరికింది. ఏ మీటరూ, ఏ ల్యాబూ చూపించలేని చోటును ఇది చూపిస్తుంది, ఎందుకంటే నీళ్ళు బాగాలేవని పరీక్ష చెబుతుంది గానీ ఎందుకు బాగాలేవో చెప్పదు.

క్లోరిన్ పరీక్ష

మీది ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కుళాయిల ద్వారా నీళ్ళొచ్చే ఊరైతే, ఒకటే కొనగలిగితే, క్లోరోస్కోపు కొనండి, అంటే నీళ్ళలో క్లోరిన్ ఎంత మిగిలిందో రంగుతో చూపే చిన్న పెట్టె. ఇది కూడా వందల్లోనే దొరుకుతుంది, ఐదు నిమిషాల పని, రోజూ చేయొచ్చు. గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పోసి, సీసా మీద రాసినన్ని చుక్కలు వేసి, వచ్చిన రంగును పక్కనున్న రంగులతో పోల్చడమే. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్ళలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలడం అన్న మాట ముఖ్యం. పోసిన క్లోరిన్ దారిలో మురికితో పోరాడి ఖర్చైపోతుంది, ఆఖరి కుళాయి దగ్గర ఇంకా కొంచెం ఉందంటే దారంతా కాపలా ఉన్నట్టు. ట్యాంకు దగ్గర 0.5 ఉండి మీ వీధి చివర సున్నా వచ్చిందా, మధ్యలో ఎక్కడో దాన్ని తినేస్తున్నది ఉంది. అప్పుడు మళ్ళీ నడవాల్సిందే. అందుకే పరీక్ష ఎప్పుడూ ఆఖరి కుళాయి దగ్గర చేయండి. ట్యాంకు కింద చేసి రిజిస్టరులో రాసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇందులో రెండు రకాలున్నాయి. పసుపు రంగు వచ్చేది ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం, చవక, చాలా పంచాయతీల్లో ఉన్నది అదే. కానీ ఆ ద్రావణం ఒంటికి మంచిది కాదు, చేతికి అంటకూడదు, పిల్లల చేత చేయించకూడదు, పైగా చుక్కలు వేసిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే రంగు ముదిరి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గులాబీ రంగు వచ్చేది డీపీడీ మాత్ర. కొంచెం ఖరీదు, కానీ ఒక్కో మాత్ర విడిగా రేకులో ఉంటుంది కాబట్టి త్వరగా పాడవదు, అంకె కూడా నమ్మకంగా వస్తుంది. డబ్బు కుదిరితే నేను డీపీడీయే తీసుకోమంటాను, ముఖ్యంగా పరీక్ష చేసేది మన ఆడపిల్లలైనప్పుడు.

క్లోరిన్ సున్నా వచ్చిందని పంచాయతీలో చెబితే "బ్లీచింగ్ వేస్తూనే ఉన్నాం కదా" అంటారు. నిజంగానే వేస్తూ ఉండొచ్చు. విశాఖ గాలిలో తడి మీకు తెలుసు, మూతి విప్పిన బ్లీచింగ్ బస్తా వారాల్లో చచ్చుబడిపోతుంది. కొత్త పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, అలాంటిది వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు అని మామూలు లెక్క, అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. పాత పొడికి ఈ లెక్క పనిచేయదు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేటను మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి, క్లోరోస్కోపు పెట్టి చూసి అవసరమైతే మళ్ళీ కలపాలి. నీళ్ళు బురదగా ఉంటే క్లోరిన్ ఎంత పోసినా సరిగ్గా పని చేయదు, ముందు తేటబడాలి.

నల్లబడే సీసా

క్లోరిన్ వేయని చోట, అంటే నూతులు, బోరింగులు, ఏజెన్సీలో కొండ ఊటలు, గెడ్డ (వాగు) నీళ్ళు తాగే ఊళ్ళలో క్లోరోస్కోపుతో పనే లేదు. అక్కడ కావలసింది హెచ్‌టూఎస్ సీసా, మలంతో వచ్చే క్రిములు పుట్టించే హైడ్రోజన్ సల్ఫైడు అనే గంధకపు వాయువుకు ఇది నల్లబడుతుంది. ఇది మన దేశంలోనే, గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టినది, 1982లో దీని గురించి ప్రచురించారు. సీసాలో గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లగా మారితే మలం కలిసిందన్న అనుమానం గట్టిది. చదువు రాని పెద్దమ్మకు కూడా అర్థమవుతుంది, కరెంటు అక్కర్లేదు, ధర పదుల్లోనే ఉంటుంది. మా వీధి కథలో ఎవరినైనా కదిలించింది ఈ సీసాయే. రెండు వీధుల నీళ్ళు రెండు సీసాల్లో పట్టి పక్కపక్కన పెట్టాం, ఒకటి తేటగా ఉంది, ఒకటి సిరాలా అయింది, ఆ రెండింటినీ పంచాయతీ మీటింగులో బల్ల మీద పెట్టాక వారంలో జాయింటు మార్చారు.

దీనికి లోపాలు లేకపోలేదు. ఉందా లేదా అనే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. కొన్ని లోతు బోర్లలో నీళ్ళే కుళ్ళిన గుడ్డు వాసన వస్తాయి, వాటిలో గంధకం సహజంగానే ఉంటుంది కాబట్టి మలం కలవకపోయినా నల్లబడొచ్చు, అలాంటివి ల్యాబుకు పంపాల్సిందే. క్లోరిన్ ఉన్న నీళ్ళు పోస్తే ఆ క్లోరిన్ సీసాలో కూడా క్రిముల్ని చంపుతూ ఉంటుంది, సీసా తేటగా ఉండి మనల్ని మోసం చేయొచ్చు. కాబట్టి ముందు క్లోరిన్ చూడండి, సున్నా వస్తేనే సీసా తీయండి. చలి కూడా లెక్కలోకి తీసుకోవాలి. లంబసింగి, పాడేరు వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో సీసాను కిటికీలో పెడితే క్రిములు పెరగవు, రెండు రోజులు చూసి "బాగున్నాయి" అనేస్తాం. గోరువెచ్చని నీళ్ళ సీసాతో పాటు దళసరి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి, చల్లారినప్పుడల్లా నీళ్ళు మార్చండి.

నల్లబడిన సీసాలో బతికున్న క్రిములు కోట్లలో ఉంటాయి. పిల్లలకు అందకుండా ఉంచి, పని అయ్యాక అందులో బ్లీచింగ్ నీళ్ళు పోసి అరగంట వదిలేసి, మరుగుదొడ్డిలో పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ ఒక్క జాగ్రత్త చెప్పకుండా ఎవరికీ సీసా ఇవ్వకండి.

ఫీల్డ్ టెస్ట్ కిట్

సూట్‌కేసులా ఉండే ఆ డబ్బా మీరు కొనే ముందు గ్రామ సచివాలయంలో అడగండి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు ఈ కిట్టుతో పరీక్షలు నేర్పించాలని ఉంది. చాలా చోట్ల కిట్టు వచ్చింది, బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉందో తెలియదు. దొరికితే ముందు చుక్కల సీసాల మీద గడువు తేదీ చూడండి. ఎండకు కాగే రేకుల గదిలో పెట్టిన మందులు తేదీ దాటకపోయినా నమ్మకం తక్కువ.

పీహెచ్, కఠినత్వం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరిన్, ఇలా పది పన్నెండు సంగతులు చూస్తుంది, చాలా కిట్లలో హెచ్‌టూఎస్ సీసాలు కూడా ఉంటాయి. ఇది జల్లెడ లాంటిది, తీర్పు కాదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందేమో, ఫ్లోరైడు ఒకటికి, ఒకటిన్నరకు దగ్గరగా ఉందేమో తెలుస్తుంది, సరిగ్గా ఎంతో ల్యాబు చెప్పాలి. పొలాల మధ్య ఉన్న బోర్లకు నైట్రేటు చూడడం తప్పనిసరి అనుకోండి, యూరియా, పశువుల పేడ అంతా వానతో కిందికే దిగుతుంది. రంగు పోల్చేటప్పుడు ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో, నీడలో చూడండి, ఇద్దరు విడివిడిగా చూసి ఎవరికి వాళ్ళు రాసుకున్నాకే పోల్చుకోండి. ఒకరు చెబితే రెండోవాళ్ళ కంటికి అదే కనిపిస్తుంది.

ల్యాబు

ఎవరితోనైనా వాదించాల్సి వస్తే, కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాల్సి వస్తే, ల్యాబు కాగితం కావాలి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు మామూలు జనానికి కూడా పరీక్ష చేయాలి, నామమాత్రపు ఫీజు ఉంటుంది. ప్రైవేటుకు వెళ్తే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో లేదో, ఉన్నా మీరు అడిగే పరీక్షకు ఉందో లేదో అడగండి. అన్నీ చేయించే ప్యాకేజీ అక్కర్లేదు, ఈ-కొలై (మలం కలిసిందని చూపే క్రిమి), నైట్రేటు, ఫ్లోరైడు, టీడీఎస్ చాలు మొదటిసారికి.

నీళ్ళు పట్టడంలోనే చాలా ఫలితాలు పాడవుతాయి. క్రిముల పరీక్షకు ల్యాబు ఇచ్చిన శుద్ధి చేసిన సీసాయే వాడాలి, దాన్ని కడగకూడదు. లోపల కొంచెం పొడి కనిపిస్తే అది మురికి కాదు, క్లోరిన్‌ను ఆపే మందు. కుళాయి మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు వదిలి, మూత లోపలి భాగం తాకకుండా పట్టి, ఐసు పెట్టెలో పెట్టి, ఆరు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో చేర్చాలి. రసాయనాల పరీక్షకు మాత్రం దీనికి తలకిందులు, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి పట్టాలి. కొండ మీద గూడెం నుంచి రోడ్డు దాకా నడిచి, పాడేరు చేరి, అక్కడి నుంచి విశాఖ బస్సెక్కితే ఘాట్ రోడ్డులోనే ఎంత సేపు పోతుందో తెలుసు కదా. అందుకే ఏజెన్సీ ఊళ్ళకు నేను ల్యాబును రెండో మెట్టుగానే చెబుతాను, ముందు సీసా.

పరవాడ లాంటి పరిశ్రమల పక్క పల్లెలకు మాత్రం ఈ మాట తిరగబడుతుంది. విష లోహాలు, ద్రావకాలు ఏ సీసాకూ, మామూలు కిట్టుకూ దొరకవు. అక్కడ నలుగురూ చందా వేసుకునైనా ఏడాదికోసారి ల్యాబుకే వెళ్ళాలి, ఏ పదార్థాలు వెతకాలో ముందే రాసి ఇవ్వాలి.

మరి టీడీఎస్ మీటరు ఎవరికి?

భీమిలి తీరంలో, సముద్రానికి దగ్గర బోర్లు వేసుకున్న ఊళ్ళకు అది బంగారం లాంటిది. తోడే కొద్దీ ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, అది ఒక్కరోజులో నాలుకకు తెలియదు. నవంబరులో ఎంత, మే నెలలో ఎంత అని అదే బోరు దగ్గర ప్రతి నెలా రాసుకుంటూ పోతే మూడేళ్ళకు బోరు ఎటు పోతోందో కనిపిస్తుంది. ఐఎస్ 10500లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, ఇంకో దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చు అని ఉంది. టిన్ను నీళ్ళు 30 చూపిస్తున్నాయని సంబరపడేవాళ్ళకు ఒక మాట: ఆర్ఓ ప్లాంటు లవణాలతో పాటు క్లోరిన్ కాపలాను కూడా తీసేస్తుంది, ఆ తర్వాత టిన్ను సరిగ్గా కడగకపోతే 30 టీడీఎస్ నీళ్ళలో కూడా క్రిములు హాయిగా పెరుగుతాయి.

ఏ ఊరికి ఏది

ట్యాంకు, కుళాయిలు ఉన్న మైదానపు ఊరికి క్లోరోస్కోపు రోజూ, క్లోరిన్ సున్నా వచ్చిన చోట సీసా, కిట్టు పరీక్షలు ఏడాదికోసారి. నూతులు, బోరింగుల ఊరికి సీసా వానలకు ముందొకసారి, వానలు పడ్డాక ఒకసారి, పొలాల మధ్య అయితే నైట్రేటు కూడా. కొండ ఊటలకు సీసా, దాంతో పాటు ఊట పుట్టే చోట పశువులు తొక్కకుండా కంచె ఉందో లేదో చూడడం, ఎర్రగా తుప్పు రంగు వస్తే ఇనుము ఒకసారి. తుపాను వచ్చి వెళ్ళాక ఏ ఊరైనా సరే సీసా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయినప్పుడు మోటార్లు ఆగిపోయి ఎప్పుడో వదిలేసిన నూతుల దగ్గరికి పరిగెత్తాం, ఆ రోజుల్లో ఇంట్లో నాలుగు సీసాలు, ఒక బ్లీచింగ్ పొట్లం ఉండి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో.

కుళాయి దగ్గర తేటగా ఉండి ఇంట్లో బిందె దగ్గర నల్లబడిన సీసాలు కూడా చూశాను, అందుకని ఒక సీసా బిందె నీళ్ళకు కేటాయించండి. చేయి మునిగేలా గ్లాసు ముంచే అలవాటు ఉన్న ఇంట్లో పంచాయతీని తిట్టి లాభం లేదు, కాడ ఉన్న గరిటె ఒకటి కొంటే సరిపోతుంది.

ఎవరు చేయాలన్నది వస్తువుకన్నా పెద్ద ఎంపిక. బ్లీచింగ్ వేసే మనిషే పరీక్ష కూడా చేసి సంతకం పెడితే రోజూ 0.5 అనే ఉంటుంది. వేసేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు ఉండాలి. డ్వాక్రా సంఘంలో వేర్వేరు వీధుల్లో ఉండే ఐదుగురైతే నాకు అన్నిటికన్నా నమ్మకం, ఎందుకంటే ఆ నీళ్ళు మోసేదీ వండేదీ వాళ్ళే, వీధి చివర కుళాయి ఎప్పుడు రంగు మారిందో వాళ్ళకే ముందు తెలుస్తుంది. హైస్కూలు పిల్లల చేత టీడీఎస్ రాయించవచ్చు, డీపీడీ మాత్రలు కూడా టీచరు పక్కనుంటే పరవాలేదు, ఓటీ చుక్కలు, నల్ల సీసాలు మాత్రం వద్దు.

రిజిస్టరులో తేదీ, గంట, ఏ కుళాయి, ఏం వచ్చింది, ఎవరు చూశారు, ఇంతే రాయండి. సీసా నల్లబడితే అదే రోజు ఫోటో తీసి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుకు, ఏఎన్ఎంకు ఇద్దరికీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ వీధి వాళ్ళకు ఆ సాయంత్రమే చెప్పండి, నీళ్ళు కళపెళా ఒక నిమిషం మరిగించి తాగమని. పైపు బాగుచేశామని చెప్పిన మూడో రోజు పొద్దున్నే, మొదటి బిందె పట్టే వేళకు, అదే కుళాయి దగ్గర క్లోరిన్ చూడండి, సున్నా వస్తే మళ్ళీ ఒక సీసా పట్టండి.